ప్రతికణం దొరికిందన్న వార్తను లెక్కతో తూచడం ఎలా? ‘ఐదు సిగ్మా’ను చేత్తో సరిచూసే పద్ధతి

‘సెర్న్‌లో ప్రతిపదార్థం గురించి ఏదో తేలిందట, ఐదు సిగ్మా అంటున్నారు, అంటే నూటికి ఎంత నిజం సార్?’ అన్న ప్రశ్న అనంతపురంలోని మా డిగ్రీ విద్యార్థుల నుంచి, కడప, కర్నూలు ప్రాంతాల ఉపాధ్యాయ మిత్రుల నుంచి నాకు పదేపదే వస్తోంది. సెర్న్ అంటే జెనీవా దగ్గరున్న కణభౌతికశాస్త్ర ప్రయోగశాల. మామూలు కణానికి అద్దంలో ప్రతిబింబం లాంటి, ఆవేశం వ్యతిరేకంగా ఉండే జోడీయే ప్రతికణం; అలాంటి కణాలతో అయినదే ప్రతిపదార్థం. నిజానికి ఆ ప్రశ్నలోనే ఒక తప్పు ఉంది. దానిని ఏడో అంచెలో చూద్దాం. అంతకు ముందు ఆరు అంచెలు దాటాలి, వాటి వరుస మారకూడదు. వరుస తప్పితే లెక్క సరిగానే వస్తుంది కానీ అర్థం తారుమారవుతుంది.

ఇంటర్మీడియట్ గణితంలోని సంభావ్యత, భౌతికశాస్త్రంలోని దోషాల పాఠం గుర్తుంటే ఈ పని చేయడానికి చాలు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- వర్గమూలం మీట ఉన్న క్యాలిక్యులేటర్ (ఫోన్‌లోది చాలు), ఒక నోటుపుస్తకం, ఒక రూపాయి నాణెం.
- ఆ ప్రయోగం చేసినవారి సొంత ప్రకటన, లేదా పరిశోధన పత్రంలోని సారాంశం. వార్తాపత్రికలో వచ్చిన కథనం పనికిరాదు, ఎందుకంటే మనకు కావలసిన అంకెలను అందులో సాధారణంగా ముందే తీసేసి ఉంటారు.
- నోటుపుస్తకంలో నాలుగు గడులు: చూసినది, నేపథ్యం, అనిశ్చితత్వం, వెదికిన చోట్లు.

పుస్తకం అట్ట లోపలి వైపు ఈ ఐదు వరుసలూ రాసి పెట్టుకోండి. సిగ్మా అంటే సగటు చుట్టూ సహజంగా ఉండే ఊగిసలాటకు కొలత. ఏ కొత్త కణమూ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా, సగటు కంటే ఇన్ని సిగ్మాలో అంతకు మించో పైకి పోయే అవకాశం ఎంతో ఇవి చెబుతాయి.

- 1 సిగ్మా: సుమారు 6 సార్లలో ఒకసారి
- 2 సిగ్మా: సుమారు 44 సార్లలో ఒకసారి
- 3 సిగ్మా: సుమారు 740 సార్లలో ఒకసారి
- 4 సిగ్మా: సుమారు 31,600 సార్లలో ఒకసారి
- 5 సిగ్మా: సుమారు 35 లక్షల సార్లలో ఒకసారి

పైకి, కిందికి రెండు వైపుల తేడానూ లెక్కలోకి తీసుకుంటే ఈ అవకాశం రెట్టింపవుతుంది, అంటే 3 సిగ్మాకు 370 సార్లలో ఒకసారి అవుతుంది. ఒక పుస్తకంలో 740, మరొక పుస్తకంలో 370 కనిపిస్తే కంగారు పడవద్దు, రెండూ సరైనవే. కణభౌతికశాస్త్రవేత్తలు వాడుకగా 3 సిగ్మాను ‘ఆధారం’ అనీ, 5 సిగ్మాను ‘ఆవిష్కరణ’ అనీ పిలుస్తారు.

## 2. దావాను తిరగేసి ఒక వాక్యంగా రాయండి

దావా అంటే ఇక్కడ ప్రయోగం చేసినవారు నిజమని చెబుతున్న మాట. ‘ప్రతికణం ఉంది’ అన్న వాక్యాన్ని లెక్క నేరుగా పరీక్షించలేదు. దానిని ‘ప్రతికణం లేదనుకుందాం, అప్పుడు కూడా ఇన్ని ఘటనలు కనిపించే అవకాశం ఎంత?’ అని తిరగేసి రాయాలి. ఈ ‘లేదనుకుందాం’ అన్న భాగాన్నే శూన్య పరికల్పన అంటారు.

వార్త చదవగానే ఈ వాక్యం రాయలేకపోతే, ఆ వార్తలో పరీక్షించదగిన విషయమేదీ లేదని అర్థం, కాబట్టి అక్కడితో ఆగిపోవచ్చు.

## 3. చూసినదాని కంటే ముందు నేపథ్యం అడగండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసిన అంచె ఇదే. నేపథ్యం అంటే, మనం వెదుకుతున్న కణం అసలు లేకపోయినా పరికరంలో అలాంటి గుర్తులే వదిలే ఇతర కారణాల మొత్తం.

మన దగ్గర బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి పాయింటు చూపించేవారు ఉంటారు కదా. ఒకాయన చూపిన పది పాయింట్లలో తొమ్మిదింట నీళ్లు పడ్డాయని అనుకుందాం. ఆయనకు విద్య ఉన్నట్టా, లేనట్టా? ఈ ప్రశ్నకు తొమ్మిది అన్న అంకె ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ ప్రాంతంలో ఎక్కడ తవ్వినా పదింటికి ఎనిమిదింట నీళ్లు పడేటట్టయితే, ఏ విద్యా లేనివాడు కళ్లు మూసుకుని చూపినా పదికి తొమ్మిదో పదో తగిలే అవకాశం 100కి 38. అదే, పదింటికి మూడింట మాత్రమే నీళ్లు పడే నేల అయితే, ఆ అవకాశం సుమారు 7,000 సార్లలో ఒకసారికి పడిపోతుంది. పాయింటు చూపిన మనిషి మారలేదు, తొమ్మిది మారలేదు, నేపథ్యం ఒక్కటే మారింది.

ప్రతికణాల విషయంలోనూ ఇంతే. ఎలక్ట్రాన్‌కు ప్రతికణమైన పాజిట్రాన్ అంటే ఎక్కడో సొరంగంలో, కోట్ల ఖర్చుతో మాత్రమే పుట్టేదని చాలామంది అనుకుంటారు. పులివెందుల తోటల నుంచి వచ్చిన అరటిపండులో కూడా పొటాషియం-40 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాని విఘటనల్లో సుమారు లక్షకు ఒకటి పాజిట్రాన్‌ను వెలువరిస్తుంది కాబట్టి, గంటకో రెండు గంటలకో ఒక పాజిట్రాన్ ఆ పండులో పుట్టి, క్షణంలో ఏదో ఒక ఎలక్ట్రాన్‌ను తాకి మాయమవుతూనే ఉంటుంది. ఆకాశం నుంచి పడే విశ్వకిరణాలు వేరే. అందుచేత ‘పాజిట్రాన్ కనిపించింది’ అన్నంత మాత్రాన ఏమీ తేలదు. ‘ఉండవలసినన్ని పోగా ఇంకా మిగిలాయా?’ అన్నదే అసలు ప్రశ్న.

ఈ అంచె పూర్తయిందో లేదో చూసుకోండి:

- నేపథ్యం సగటు అంకెగా ఇచ్చారా?
- ఆ సగటుకు కూడా ± ఇచ్చారా?
- దానిని ఎలా అంచనా కట్టారో ఒక్క వాక్యమైనా ఉందా?

మూడింటిలో మొదటిది లేకపోతే లెక్క మొదలుపెట్టవద్దు.

## 4. వర్గమూలం సూత్రాన్ని చేతికి అలవాటు చేసుకోండి

విడివిడిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే ఘటనలను లెక్కపెట్టినప్పుడు, సగటు ఎంతో దాని వర్గమూలమంత ఊగిసలాట సహజం. సగటు 100 ఉంటే 90 నుంచి 110 వరకు రావడం మామూలే. ఇది చదివితే వంటబట్టదు, చేసి చూడాలి.

రూపాయి నాణెం 100 సార్లు ఎగరవేసి బొమ్మలు లెక్కపెట్టండి. ఇక్కడ రెండే ఫలితాలు కాబట్టి సిగ్మా 10 కాదు, 100 × ½ × ½ కు వర్గమూలం, అంటే 5. కాబట్టి 60 బొమ్మలు పడితే 2 సిగ్మా. తరగతిలో 60 మంది ఈ పని చేస్తే ఒకరిద్దరికి 60కి పైగా పడతాయి. ఆ పిల్లవాడు తన నాణెంలో ఏదో ఉందని గట్టిగా వాదిస్తాడు. అతని నోటుపుస్తకం జాగ్రత్త పరచండి, అది ఆరో అంచెలో మళ్లీ అవసరమవుతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక సంవత్సరం విద్యార్థులను ఊళ్లో ఒక కూడలి దగ్గర నిలబెట్టి నిమిషానికి ఎన్ని ఆటోలు వెళుతున్నాయో లెక్కపెట్టమన్నాను. సగటు 25 వచ్చింది కాబట్టి చాలా నిమిషాల్లో 20కీ 30కీ మధ్య రావాలని బోర్డు మీద ధీమాగా రాశాను. వారు తెచ్చిన అంకెల్లో ఒక నిమిషానికి 9, పక్క నిమిషానికి 44 ఉన్నాయి. తప్పు పిల్లలది కాదు, సూత్రానిదీ కాదు. కూడలికి ముందున్న సిగ్నల్ దగ్గర ఆటోలన్నీ ఆగి, పచ్చదీపం పడగానే గుంపుగా వస్తున్నాయి. ఘటనలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే వర్గమూలం సూత్రం పనిచేయదు. ‘ఈ ఘటనలు నిజంగా విడివిడిగానే వచ్చాయా?’ అన్న ప్రశ్న అప్పటి నుంచి నా పుస్తకంలో ఐదో గడిగా చేరింది.

## 5. లెక్క వేయండి

రెండు రకాల ప్రకటనలు వస్తాయి. రెండింటికీ పద్ధతి వేరు.

### 5.1 కొద్ది ఘటనలు ఉన్నప్పుడు

1995లో సెర్న్‌లోని లియర్ వలయంలో ప్రతిప్రోటాన్‌లను జినాన్ వాయుధార గుండా పంపి, ప్రతి-హైడ్రోజన్ (ప్రతిప్రోటాన్, పాజిట్రాన్ కలిసిన) పరమాణువుల కోసం వెదికారు. 11 ఘటనలు దొరికాయి. వాటిలో నేపథ్యం 2 ± 1 ఉండవచ్చని అంచనా కట్టారు. తొమ్మిది పరమాణువులు అన్న ప్రసిద్ధమైన అంకె ఈ తీసివేత నుంచి వచ్చినదే.

మొదటిసారి చేసేవారు దాదాపు అందరూ 11 నుంచి 2 తీసివేసి, 2 వర్గమూలమైన 1.41తో భాగించి, 6.4 సిగ్మా అని రాస్తారు. ఇది తప్పు. సగటు ఇంత చిన్నదైనప్పుడు అవకాశాల వక్రరేఖ గంట ఆకారంలో ఉండదు, కుడి వైపు తోక సాగి ఉంటుంది. అక్కడ పాయిజాన్ విభాజనం వాడాలి. చేత్తో చేసే తీరు ఇది:

1. 1ని 2.718తో రెండుసార్లు భాగించండి (నేపథ్యం సగటు 2 కాబట్టి రెండుసార్లు). 0.1353 వస్తుంది. ఏ ఘటనా రాకపోయే అవకాశం ఇది.
2. దానిని 2తో గుణించి 1తో భాగించండి: 0.2707. ఒక్క ఘటన వచ్చే అవకాశం.
3. వచ్చినదాన్ని 2తో గుణించి 2తో భాగించండి. తర్వాత 2తో గుణించి 3తో, ఆ తర్వాత 2తో గుణించి 4తో, ఇలా 11 వరకు వెళ్లండి. ఐదు దగ్గర 0.036, ఎనిమిది దగ్గర 0.00086, పదకొండు దగ్గర 0.0000069 రావాలి.
4. 11, 12, 13, 14 విలువలను కూడండి. సుమారు 0.0000083 వస్తుంది.

అంటే ప్రతి-హైడ్రోజన్ లేకుండానే 11 గానీ అంతకు మించి గానీ కనిపించే అవకాశం సుమారు 1,20,000లో ఒకటి. ఇది 4.3 సిగ్మా, 6.4 కాదు.

పని ఇంకా అయిపోలేదు. నేపథ్యం 2 ± 1 అన్నారు కదా. అది 3 అయి ఉంటే? మళ్లీ మొదటి నుంచి, ఈసారి 3తో చేయండి. అవకాశం 0.00029కి పెరుగుతుంది, అంటే సుమారు 3,400లో ఒకటి, 3.4 సిగ్మా. నేపథ్యంలో ఒక్క ఘటన తేడా దావా బలాన్ని ముప్పై ఐదు రెట్లు తగ్గించింది. మూడో అంచెలో ± కోసం పట్టుబట్టమన్నది ఇందుకే.

### 5.2 కొలిచిన విలువ, దానికి ± ఉన్నప్పుడు

2025 మార్చిలో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం, లాంబ్డా-బి అనే బేరియాన్ (ప్రోటాన్ జాతికి చెందిన కణం), దాని ప్రతికణం ఒకే తీరున విఘటనం చెందడం లేదని ప్రకటించింది. తేడా 2.45 శాతం, యాదృచ్ఛిక అనిశ్చితత్వం 0.46, క్రమదోషం (పరికరం, పద్ధతి వల్ల వచ్చేది) 0.10. వీటిని నేరుగా కూడకండి. వర్గాలు కట్టి, కూడి, వర్గమూలం తీయాలి: 0.2116కు 0.0100 కలిపితే 0.2216, దాని వర్గమూలం 0.471. ఇప్పుడు 2.45ను 0.471తో భాగిస్తే 5.2. పత్రంలో వారు ప్రకటించిన 5.2 సిగ్మా ఇదే. ఇది చేత్తో వచ్చిన రోజున మా తరగతిలో ఒక అమ్మాయి ‘ఇంతేనా సార్?’ అంది. భాగహారం వరకు ఇంతే, ఆ 0.10 అన్న అంకెను తేల్చడానికి పట్టిన శ్రమే అంతా.

ఇదే పద్ధతిని తిప్పి కూడా వాడవచ్చు. 2023లో సెర్న్‌లోని ఆల్ఫా బృందం ప్రతి-హైడ్రోజన్ భూమి వైపే పడుతుందని కొలిచి చూపింది. మామూలు గురుత్వ త్వరణాన్ని 1 అనుకుంటే వారికి వచ్చిన విలువ 0.75, అనిశ్చితత్వాలు 0.13, 0.16. ‘ప్రతిపదార్థం 75 శాతం వేగంతోనే పడుతుంది’ అని కొందరు చెప్పుకున్నారు. సరిచూడండి: రెండు అనిశ్చితత్వాలనూ పై పద్ధతిలో కలిపితే 0.206. 1కీ 0.75కీ మధ్య దూరం 0.25, అంటే 1.2 సిగ్మా. ఇది నాణెం ఆటలో ఎవరికైనా వచ్చేంత తేడా, కాబట్టి ప్రతి-హైడ్రోజన్ మామూలుగానే పడుతోందన్న మాటతో ఈ ఫలితానికి పేచీ లేదు. అదే ‘ప్రతిపదార్థం పైకి ఎగురుతుంది’ అన్న ఊహకు విలువ −1 ఉండాలి. అక్కడికి దూరం 1.75, సుమారు 8.5 సిగ్మా. తోక అంత దూరం గంట ఆకారంలోనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గనుక 8.5ను అక్షరాలా పట్టుకోకండి. అయినా ఆ ఊహ నిలబడదు.

## 6. ఎన్ని చోట్ల వెదికారో లెక్కపెట్టండి

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం జనం ఎలా దిగుతారో కర్నూలు వారికి చెప్పనక్కరలేదు. ఒకరికి రాయి దొరికితే ‘ఆయన నిలబడిన చోటులోనే మహిమ ఉంది’ అనిపిస్తుంది. వేలమంది వంగి వెదికినప్పుడు ఎవరో ఒకరికి దొరకడం వేరు, ఫలానా మనిషికి ఫలానా గట్టు దగ్గర దొరుకుతుందని ముందే చెప్పడం వేరు.

కణాల వేటలో కూడా శక్తి అక్షాన్ని గడులుగా విభజించి ప్రతి గడిలోనూ వెదుకుతారు. 100 గడులు ఉంటే, ఏదో ఒక దానిలో యాదృచ్ఛికంగా 3 సిగ్మా గుబ్బ లేచే అవకాశం 740లో ఒకటి కాదు, సుమారు ఎనిమిదింట ఒకటి. నాలుగో అంచెలో జాగ్రత్త పరచమన్న పిల్లవాడి నోటుపుస్తకం ఇప్పుడు తీయండి: అతనికి పడిన 60 బొమ్మలు ఒక్కడి ఫలితంగా చూస్తే 2 సిగ్మా, 60 మందిలో ఒకడి ఫలితంగా చూస్తే ఏమీ కాదు.

సవరణ సులువు. అట్ట మీది పట్టికలోని అవకాశాన్ని వెదికిన చోట్ల సంఖ్యతో గుణించండి (ఫలితం చిన్న అంకెగా ఉన్నంతవరకు ఇది చాలు). పత్రాల్లో ‘స్థానిక’ సిగ్మా (ఆ ఒక్క గడినే చూస్తే), ‘మొత్తపు’ సిగ్మా (వెదికిన చోట్లన్నీ లెక్కలోకి తీసుకుంటే) అని రెండు ఇస్తారు, రెండోదే రాసుకోవాలి. 2015 డిసెంబరులో సెర్న్ దత్తాంశంలో 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలమానం) దగ్గర కనిపించిన గుబ్బకు స్థానిక విలువ 3 సిగ్మా దాటింది, మొత్తపు విలువ సుమారు 2 మాత్రమే. 2016 ఆగస్టు నాటికి కొత్త దత్తాంశం వచ్చేసరికి ఆ గుబ్బ కరిగిపోయింది.

## 7. అవకాశాన్ని తలకిందులు చేయకండి

మొదట్లో చెప్పిన తప్పు ఇదే. 5 సిగ్మా అంటే ‘దావా అబద్ధమయ్యే అవకాశం 35 లక్షల్లో ఒకటి’ అని కాదు. ‘దావా అబద్ధమైతే, ఇలాంటి దత్తాంశం వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటి’ అని. రెండు వాక్యాలూ వినడానికి ఒకేలా ఉంటాయి, అర్థం వేరు.

1,000 ఊహలను పరీక్షించారనీ, వాటిలో నిజమైనవి 10 మాత్రమేననీ అనుకోండి. 2 సిగ్మా దాటితే చాలు గంట కొడదామని నియమం పెడితే, అబద్ధమైన 990లో సుమారు 23 వాటంతట అవే గంట కొడతాయి. నిజమైన పదీ కొట్టినా మొత్తం గంటలు 33. అందులో 23 దొంగ గంటలు. పరీక్షలో పొరపాటు అవకాశం నూటికి 2.3 మాత్రమే, కానీ మోగిన గంటల్లో మూడింట రెండు వంతులకు పైగా అబద్ధం. అదే నియమాన్ని 5 సిగ్మాకు పెంచితే దొంగ గంట దాదాపు మిగలదు. అంత ఎత్తున గీత గీసింది అతి జాగ్రత్త వల్ల కాదు, నిజమయ్యే ఊహలు అరుదు కావడం వల్ల.

కాబట్టి ‘నూటికి ఎంత నిజం?’ అని ఎవరైనా అడిగితే, ‘ఈ ఊహ ముందు నుంచీ ఎంత నమ్మదగినది?’ అన్న ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు చెప్పకండి.

## 8. సిగ్మా చూడలేని తప్పుల కోసం వెదకండి

2011 సెప్టెంబరులో ఒపెరా ప్రయోగం, న్యూట్రినోలు (పదార్థం గుండా దాదాపు అడ్డులేకుండా పోయే అతి తేలికైన కణాలు) కాంతి కంటే 60 నానోసెకన్లు ముందుగా వచ్చాయని 6 సిగ్మాతో చెప్పింది. ఐదో అంచె వరకు మీరు చేసినా అదే వచ్చేది. కారణం, సరిగా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ తీగ కనెక్టరు. యాదృచ్ఛిక దోషం దత్తాంశం పెరిగేకొద్దీ తగ్గుతుంది; వదులైన కనెక్టరు మాత్రం కోటి ఘటనలు పోగేసినా వదులుగానే ఉంటుంది.

దీనికి లెక్కలో మందు లేదు, ప్రయోగ నిర్మాణంలో ఉంది. 1932లో పాజిట్రాన్‌ను కనుగొన్న కార్ల్ ఆండర్సన్ తన మేఘపేటిక (కణాలు పోయిన దారి ఆవిరి గీతగా కనిపించే పెట్టె) మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసం పలక పెట్టిన తీరు చూడండి. అయస్కాంత క్షేత్రంలో వంగిన గీత కనిపిస్తే అది పై నుంచి కిందికి వచ్చిన ధనావేశ కణమైనా కావచ్చు, కింది నుంచి పైకి పోయిన మామూలు ఎలక్ట్రానైనా కావచ్చు. సీసం గుండా పోయిన కణం శక్తి కోల్పోయి మరింత వంగుతుంది కాబట్టి, ఎక్కువ వంగిన వైపే కణం వెళ్లిన వైపు. ఆ ప్రసిద్ధ ఛాయాచిత్రంలో శక్తి పలకకు కింద 63 మిలియన్, పైన 23 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే కణం కింది నుంచి పైకే పోయింది, వంపు దిశను బట్టి అది ధనావేశం కలది. ఇక ప్రోటాన్ కావచ్చు కదా అంటే, అంత వంపు ఉన్న ప్రోటాన్ గాలిలో 5 మిల్లీమీటర్లకే ఆగిపోవాలి. ఈ గీత 5 సెంటీమీటర్లు దాటింది. ఇక్కడ సిగ్మా లేదు. ఒక్కొక్క ప్రత్యామ్నాయానికీ ఒక్కొక్క తలుపు మూశారు.

మీరు చదువుతున్న ప్రకటనలో:

- ప్రత్యామ్నాయ వివరణలు కనీసం రెండు పేరు పెట్టి చెప్పారా?
- ఒక్కొక్క దానిని ఏ కొలతతో తోసిపుచ్చారు?
- కణం, ప్రతికణం రెండింటినీ పరికరం సమానంగా పట్టుకుంటుందని సరిచూశారా? (ప్రతికణాలు పరికరంలోని పదార్థంతో వేరే తీరున తాకిడి పడతాయి, ఎక్కువగా మరచిపోయేది ఇదే.)

## 9. రెండో చేయి పడిందా?

1995 నాటి పదకొండు ఘటనల దావాను మనం 4.3, 3.4 సిగ్మాల మధ్య వదిలాం. 2002లో సెర్న్‌లోనే అథీనా ప్రయోగం వేరే పద్ధతిలో వేల సంఖ్యలో ప్రతి-హైడ్రోజన్ పరమాణువులను తయారుచేసింది. ఆ తర్వాత మొదటి దావా సిగ్మా ఎంత అని ఎవరూ వాదించనవసరం లేకపోయింది. వేరే పరికరంతో, వేరే పద్ధతిలో వచ్చిన ఫలితం ఉంటే నోటుపుస్తకంలో దానికి ఒక పేజీ కేటాయించండి. అదే పరికరం, అదే దత్తాంశం, రెండో పత్రం అయితే అక్కరలేదు.

## 10. మీ చేతికి ఒక ప్రకటన

2024 డిసెంబరులో సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగం ప్రతి-హైపర్‌హీలియం-4 అనే ప్రతిపదార్థ కేంద్రకానికి 3.5 సిగ్మాతో ఆధారం దొరికిందని చెప్పింది. పట్టికలో 3కీ 4కీ మధ్య పడే ఇది సుమారు 4,300లో ఒకటి. ‘ఆవిష్కరణ’ అన్న మాట వారు ఎందుకు వాడలేదో మీకు ఇప్పుడు తెలుసు. దీనిని 5 సిగ్మాకు చేర్చాలంటే, నేపథ్యం తీరు మారకుండా ఉంటే, 5ను 3.5తో భాగించి వర్గం కట్టండి: సుమారు 2.04, అంటే ఇప్పుడున్న దత్తాంశానికి రెండింతలు కావాలి. మిగిలిన గడులను పత్రం సారాంశం దగ్గర పెట్టుకుని మీరే నింపండి; ముందు నేపథ్యం గడి నింపాకే ‘చూసినది’ గడి దగ్గరకు వెళ్లండి.